అన్న పోయిన యాక్సిడెంట్ కేసు, రాజీ పడమంటున్నారు, సాక్షిని నేనే

పేరూ ఊరూ రాయొద్దన్నారు కాబట్టి ఉత్తరంలో ఉన్నది నా మాటల్లో చెప్తాను. రాసినాయనకి 34 ఏళ్లు. కుడి మణికట్టు విరిగి రాడ్ వేశారు, అందుకే అక్షరాలు వంకర పోతున్నాయి ఏమనుకోకండి అక్కా అని మొదటి లైన్లోనే రాశారు. గత నవంబరులో ఓ రాత్రి ఎనిమిదిన్నర దాటాక అన్నయ్య బండి నడుపుతుంటే ఈయన వెనక కూర్చున్నారు. అన్నయ్యకి 41, ఎలక్ట్రీషియన్, సొంతంగా పనులు పట్టుకునేవారు, నెలకి పద్దెనిమిది వేల దాకా వచ్చేవి. హైవే మీద యూటర్న్ కిలోమీటరు అవతలుంది, ఇంటి సందేమో మూడొందల మీటర్లే, దాంతో రాంగ్ రూట్‌లో అంచు పట్టుకుని సగం మట్టి మీద సగం రోడ్డు మీద వెళ్తున్నారు. ఎదురుగా వచ్చిన కారు అంచు తెల్ల గీత దాటి పక్కకొచ్చి గుద్దింది.

కారు నడిపింది 24 ఏళ్ల కుర్రాడు. పారిపోలేదు, తన కార్లోనే ఇద్దర్నీ ఎక్కించుకుని ఆస్పత్రికి తీసుకెళ్లాడు. తెల్లారేసరికి అన్నయ్య పోయారు. ఆ రాత్రి ఆస్పత్రి వరండాలో ఆ అబ్బాయి ఈయన కాళ్ల దగ్గర కింద కూర్చుని, "అన్నా, పాట మారుద్దామని ఒక్క సెకను ఫోను చూశాను" అన్నాడట. చొక్కా ముందంతా అన్నయ్య రక్తం, చేతిలో మూత తీయని వాటర్ బాటిల్, అదే నాకు కళ్లలో ఉండిపోయింది అని రాశారు.

పోలీసులు రాసుకున్న వాంగ్మూలంలో ఫోను మాట లేదు, రాంగ్ రూట్ మాటా లేదు, "కారు అతివేగంగా, అజాగ్రత్తగా వచ్చి గుద్దింది" అంతే. అన్నయ్యని తప్పుపడతారని రాంగ్ రూట్ సంగతి తనే దాచారు, ఫోను సంగతి ఎవరూ అడగలేదు. ఇప్పుడు కుర్రాడి తండ్రి పెద్దమనుషుల్ని పంపి 8 లక్షలు ఇస్తానంటున్నాడు. తప్పంతా అన్నయ్యదేనని, డ్రైవర్ తప్పేమీ లేదని వదినా ఈయనా సంతకం పెడితే హైకోర్టుకి వెళ్లి కేసు కొట్టేయించుకుంటారట. టైపు చేసిన బాండ్ పేపరు కూడా ఇచ్చి వెళ్లారు. వదిన వాళ్ల అన్నయ్య తీసుకోమంటున్నాడు, వదిన ఏమీ మాట్లాడటం లేదు. అమ్మేమో వాడికి పదేళ్లు పడాల్సిందే, టీవీలో చెప్పారుగా అంటోంది, వాడు ఆ రోజు సాయంత్రానికే బెయిల్ మీద ఇంటికెళ్లాడని తెలిసిన దగ్గర్నుంచి అన్నం సరిగ్గా తినట్లేదు. సంతకం పెడితే అన్నని అమ్ముకున్నట్టు, పెట్టకపోతే వదిన పిల్లల నోటి దగ్గర కూడు లాగేసినట్టు, ఏం చెయ్యమంటారు అని అడిగారు.

ముందు ఒక మాట. మీ ఇంట్లో అందరూ ఒకే కేసు గురించి మాట్లాడుకుంటున్నాం అనుకుంటున్నారు గానీ, ఉన్నవి రెండు కేసులు. ఒకటి పోలీసులు పెట్టిన క్రిమినల్ కేసు, అది ఆ అబ్బాయికి శిక్ష పడాలా వద్దా అన్నది. అందులో ఒకవైపు ప్రభుత్వం, మీరు సాక్షి మాత్రమే. రెండోది నష్టపరిహారం, అది మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో మీ వదిన వెయ్యాల్సింది, డబ్బు కట్టేది ఆ కారుకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఇచ్చిన కంపెనీ. మీ ఉత్తరం రెండు సార్లు చదివాను, ఆ రెండో కేసు ప్రస్తావన ఎక్కడా లేదు. పెద్దమనుషులు దాని ఊసెత్తకపోవడంలో ఆశ్చర్యం లేదు, నాకు బాధనిపించింది మీకు ఎవరూ చెప్పకపోవడం.

అమ్మగారి పదేళ్ల సంగతి చూద్దాం, ఎందుకంటే ఆవిడ కోపానికి సమాధానం చెప్పకుండా మీరు ఇంట్లో ఏ నిర్ణయమూ తీసుకోలేరు. 1 జూలై 2024 ముందు యాక్సిడెంట్‌లో మనిషి పోతే పాత శిక్షాస్మృతి, అంటే ఐపీసీ 304ఏ, గరిష్ఠం రెండేళ్లు. ఆ తర్వాత జరిగినవాటికి దాని బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106(1), గరిష్ఠం అయిదేళ్లు, జరిమానా. టీవీలో పదేళ్లు అని విన్నది 106(2), అంటే గుద్ది, పోలీసులకో మేజిస్ట్రేట్‌కో చెప్పకుండా పారిపోయినవాళ్లకి. దాని మీదే 2024 జనవరి మొదట్లో లారీ డ్రైవర్లు సమ్మె చేసి పెట్రోలు బంకుల ముందు కిలోమీటర్ల క్యూలు కట్టించారు గుర్తుందా, ఆ దెబ్బకి కేంద్రం ఆ ఒక్క క్లాజుని పక్కన పెట్టి మిగతా చట్టం అమల్లోకి తెచ్చింది. అయినా మీ కేసులో ఆ కుర్రాడు పారిపోలేదు, మిమ్మల్ని మోసుకెళ్లాడు, కాబట్టి ఆ క్లాజు అమల్లో ఉన్నా అతనికి తగలదు. 106(1) బెయిలబుల్, స్టేషన్లోనే బెయిల్ ఇవ్వాలి. డబ్బిచ్చి బయటికొచ్చాడని అమ్మగారు అనుకుంటున్నారు, అది చట్టం అందరికీ ఇచ్చిన హక్కే.

అయిదేళ్లు అని చట్టంలో ఉందని అయిదేళ్లు పడదు, అది కూడా చెప్పండి ఆవిడకి. మామూలుగా తాగి నడిపినవాళ్ల మీద ఇంకా బరువైన సెక్షన్ పెడతారు, చస్తారని తెలిసి కూడా నడిపాడు అనేది. ముంబైలో 2006లో తాగి కారు నడిపి ఫుట్‌పాత్ మీద పడుకున్న ఏడుగుర్ని చంపిన అలిస్టర్ పెరీరా కేసు అలాంటిది, దానికే సుప్రీంకోర్టు చివరికి 2012లో ఖరారు చేసింది మూడేళ్లు. మీవాడు తాగలేదు, ఫోను చూశాడు. అలాగని డబ్బిస్తే వదిలేస్తారని కూడా కాదు. పంజాబ్ కేసొకటి ఉంది, సౌరభ్ బక్షీ అని, 2015లో వచ్చింది. కింది కోర్టు ఏడాది వేస్తే, బాధితులకి 85,000 పరిహారం కట్టాడు కదా అని హైకోర్టు అప్పటికి లోపలున్న 24 రోజులతో సరిపెట్టేసింది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి ఆర్నెల్లు ఉండాల్సిందే అంది. అంతకుముందు 2000లో దల్బీర్ సింగ్ కేసులో కూడా ఇలాంటివాటికి జైలు లేకుండా, బుద్ధిగా ఉంటానన్న హామీ తీసుకుని ప్రొబేషన్ మీద వదలకూడదు అని చెప్పింది. అంటే రుజువైతే జైలు నిజంగానే ఉంటుంది, కాకపోతే అమ్మగారి మనసులో ఉన్నంత ఉండదు, ఆ కుర్రాడి తండ్రి ఊహించుకుంటున్నంత తేలిగ్గానూ పోదు.

ఆయన 8 లక్షలు పెట్టి ఏం కొంటున్నాడో చూడండి. ఈ నేరం రాజీకి వచ్చే నేరాల జాబితాలో లేదు. మీరిద్దరూ కాదు, మీ ఊరంతా కలిసి సంతకం పెట్టినా మేజిస్ట్రేట్ కోర్టులో కేసు మూసెయ్యడానికి లేదు. హైకోర్టుకి ఆ అధికారం ఉంది, యాక్సిడెంట్ చావు కేసుల్ని రాజీ చూసి కొట్టేసిన ఆర్డర్లూ ఉన్నాయి, ఒక ప్రాణం పోయిన విషయం ప్రైవేటు రాజీ ఎలా అవుతుంది అని తిప్పికొట్టినవీ ఉన్నాయి. సరే, కొట్టేశారనే అనుకుందాం. మీ వదిన చేతిలో 8 లక్షలు, ఆ లక్షలతో పాటు "తప్పంతా నా భర్తదే" అని ఆవిడ సంతకం ఉన్న కాగితం కోర్టు రికార్డులో. రేపు పరిహారం కోసం ట్రిబ్యునల్‌కి వెళ్తే ఇన్సూరెన్స్ లాయర్ చేసే మొదటి పని ఆ కాగితం కాపీ తెచ్చి ఆవిడ ముందు పెట్టి "ఇది మీ సంతకమేనా అమ్మా" అని అడగడం. నేను ఇలాంటివి చూశాను, ఆ ప్రశ్నకి జవాబు ఉండదు.

ట్రిబ్యునల్‌లో ఎంత రావచ్చో లెక్క వేద్దాం, పెన్నూ పేపరూ తీసుకోండి. సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేథీ కేసులో ఈ లెక్కకి ఓ పద్ధతి పెట్టింది. నెలకి 18,000, సొంత పని చేసుకునే మనిషి, 40కి 50కి మధ్య వయసు కాబట్టి ముందు ముందు పెరిగే ఆదాయం కింద 25 శాతం కలుపుతారు, 22,500. ఏడాదికి 2,70,000. ఆధారపడినవాళ్లు వదిన, ఇద్దరు పిల్లలు, అమ్మ, నలుగురు కాబట్టి ఆయన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తారు, 2,02,500. 41 ఏళ్లకి 14తో గుణిస్తారు. 28,35,000. దీని మీద అంత్యక్రియలు, భార్యాపిల్లలకి మనిషి దూరమైనందుకు అని ఇంకో రెండు లక్షల దాకా, పైన పిటిషన్ వేసిన రోజు నుంచి వడ్డీ.

ఇక మీరు దాచిన రాంగ్ రూట్. అది బయటపడితే వదినకి పైసా రాదనుకుంటున్నారు మీరు, ఉత్తరంలో ఎక్కడా అనలేదు గానీ ప్రతి పేజీలో ఆ భయం కనిపిస్తోంది. ట్రిబ్యునల్ చేసేది తప్పుని పంచడం. అన్నయ్య వాటా 30 శాతం అంటే పై మొత్తం సుమారు 19,84,000 అవుతుంది. సగం అన్నా 14 లక్షల పైన. ఎలా చూసినా ఆ 8 కంటే ఎక్కువే. మొత్తం తప్పు అన్నయ్యదే అని తేలితే మాత్రం ఈ దారిలో ఏమీ రాదు, ఆ రిస్కు ఉందని దాచను. ఆ భయం మరీ ఎక్కువైతే తప్పెవరిదో నిరూపించక్కర్లేకుండా చావుకి 5 లక్షలు ఇచ్చే 164 సెక్షన్ మోటారు వాహనాల చట్టంలో ఒకటుంది, కానీ అది తీసుకుంటే పెద్ద క్లెయిం పోతుంది. అయితే మొత్తం తప్పు అన్నయ్యదే అని తేలకుండా ఆపేవి రెండున్నాయి, కారు అంచు గీత దాటిందన్నది, ఫోను చూశానన్న ఆ మాట. రెండూ మీ నోట్లోనే ఉన్నాయి, మీరేమో ఒకదాన్ని కాపాడటానికి రెండోదాన్ని కూడా మింగేశారు.

నిజానికి రాంగ్ రూట్ దాగే విషయమేనా చెప్పండి. బండి ముందు ఫోర్కు వంగింది, వెనక లైటు చెక్కుచెదరలేదు అని మీరే రాశారు. వాహనాలు చూసిన బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టులో అదే ఉంటుంది, పోలీసులు గీసిన స్కెచ్‌లో బండి పడిన చోటు ఉంటుంది. ఎదురెదురుగా గుద్దుకున్నాయని ఏ లాయర్‌కైనా రెండు నిమిషాల్లో అర్థమైపోతుంది. మీరు బోనెక్కి మేం సరైన వైపే వెళ్తున్నాం అంటే మిమ్మల్ని అబద్ధాలకోరు అని నిరూపించడానికి అతని లాయర్‌కి ఆ ఫోర్కు చాలు, ఆ తర్వాత మీరు ఫోను గురించి చెప్పిన నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. ప్రమాణం చేసి అబద్ధం చెబితే ఏడేళ్ల దాకా పడే సెక్షన్ కూడా ఉంది, అంత దూరం వెళ్లడం అరుదు, అయినా తెలిసుండాలి.

కాబట్టి మీ ముందు నాకు కనిపిస్తున్న దారులు ఇవీ. బాండ్ పేపర్ మీద సంతకం పెట్టొచ్చు, డబ్బు వారంలో చేతికొస్తుంది, వదిన చేతిలో పడిందని మీకో నిమ్మది, కానీ ఇరవై లక్షల దారి మూసుకుపోవచ్చు, అమ్మ మీతో మాట్లాడకపోవచ్చు, అబద్ధం మీద మీ సంతకం మాత్రం జీవితాంతం ఉంటుంది. లేదా ఇప్పుడు చెప్పిందే కోర్టులోనూ చెప్పి ఊరుకోవచ్చు, అప్పుడు కేసు ఆ నాలుగు లైన్ల మీదే నిలబడాలి. ఊరికే అతివేగం అంటే నేరం రుజువైనట్టు కాదని 1998లోనే సుప్రీంకోర్టు ఒక కర్ణాటక కేసులో చెప్పింది, ఆ లెక్కన కుర్రాడు బయటపడే అవకాశమే ఎక్కువ. మూడోది, ఉన్నదంతా చెప్పడం. చార్జిషీటు ఇంకా పడలేదన్నారు కదా, అయితే దర్యాప్తు చేస్తున్న ఎస్సైకి రాతపూర్వకంగా ఇచ్చి అదనపు వాంగ్మూలం తీసుకోమని అడగొచ్చు, రాంగ్ రూట్, గీత దాటడం, ఫోను, ఆస్పత్రికి తీసుకెళ్లడం, నాలుగూ. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అవతలి లాయర్ క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడుగుతారు. అన్నని తప్పుపడతారని భయపడ్డాను అని చెప్పండి, అది నిజం కాబట్టి చెప్పడం సులువే.

అన్న తప్పు ఒప్పుకుంటే కుర్రాడు తప్పించుకుంటాడేమో అని మీకు సందేహం రావచ్చు. క్రిమినల్ కేసులో, అవతలివాడు కూడా అజాగ్రత్తగా ఉన్నాడు కదా అన్నది డిఫెన్స్‌గా పనికిరాదు. కోర్టు చూసేది చావుకి అసలు కారణం అతని అజాగ్రత్తా కాదా అన్నది. ఫోను చూస్తూ గీత దాటితే అది కారణమే. అన్నయ్య రాంగ్ రూట్ శిక్ష తగ్గించడానికి పనికిరావచ్చు, తగ్గితే తగ్గనివ్వండి, నిజంగానే తగ్గాల్సిన తప్పు అందులో కొంత ఉంది కదా. ఒకవేళ కుర్రాడు అక్కడ నిర్దోషిగా బయటపడినా పరిహారం ఆగదు, రెండు చోట్లా రుజువుకి కొలత వేరని సుప్రీంకోర్టు 1980 నుంచీ చెప్తూనే ఉంది.

రాజీ అనే మాటంటేనే మీకు ఇప్పుడు చేదుగా ఉంటుంది, కానీ నిజాయితీగా చేసుకునే రాజీ కూడా ఒకటుంది. ట్రిబ్యునల్‌లో క్లెయిం వేశాక లోక్ అదాలత్‌లో ఇన్సూరెన్స్ వాళ్లతో కూర్చుని మాట్లాడుకోవచ్చు, నాలుగైదేళ్లు తిరిగే బదులు కొంచెం తగ్గినా డబ్బు త్వరగా వస్తుంది, ఎవరూ ఎవరి మీదా అబద్ధం రాయక్కర్లేదు. పిల్లల వాటా సాధారణంగా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేయిస్తారు, అది మంచిదే, బంధువుల చేతుల్లో పడదు. కుర్రాడి తండ్రికి నిజంగానే ఇవ్వాలని ఉంటే ఏ షరతూ లేకుండా వదిన బ్యాంకు అకౌంట్‌లో వేసి ఉత్త రసీదు తీసుకోమనండి, ఇస్తాడో లేదో చూడండి. మీకు ఆ అబ్బాయి మీద కోపం తగ్గిందనుకోండి, రేపు శిక్ష దశలో మాకు ఇతని జీవితం పాడవ్వాలని లేదు అని కోర్టుకి చెప్పొచ్చు, ఆ నిర్ణయం ఇప్పుడే తీసుకోనక్కర్లేదు. ఆ వాటర్ బాటిల్ ఇంకా కళ్లలో ఉందన్నారు కదా, నాకు దాన్నిబట్టి ఏదో అర్థమైంది, పొరపాటైతే క్షమించండి.

టైం మాత్రం లేదు. ట్రిబ్యునల్ పిటిషన్‌కి చట్టంలో ఉన్న గడువు యాక్సిడెంట్ రోజు నుంచి ఆరు నెలలు, మూడు అయిపోయాయి. పోలీసులు 48 గంటల్లో ట్రిబ్యునల్‌కీ ఇన్సూరెన్స్‌కీ మొదటి రిపోర్టు, 90 రోజుల్లో వివరమైన రిపోర్టు పంపాలని రూల్, పంపారో లేదో అడిగి కాపీ తీసుకోండి. ఎఫ్ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు, అన్నయ్య ఆధార్, పద్దెనిమిది వేలు వచ్చేవని చూపించే ఏ కాగితమైనా, బ్యాంకు స్టేట్‌మెంటో, ఫోన్ పే హిస్టరీయో, పనిచేయించుకున్న మేస్త్రీల మాటో పోగెయ్యండి, ఆదాయం రుజువు లేకపోతే పైన వేసిన లెక్క బాగా తగ్గిపోవచ్చు. లాయర్‌కి డబ్బు లేదని వదిన ఆగక్కర్లేదు, ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా లీగల్ సర్వీసెస్ అథారిటీ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది, 15100కి ఫోన్ చెయ్యండి. వచ్చేదాంట్లో ఇంత శాతం నాకు అనే లాయర్ తగిలితే, అది బార్ కౌన్సిల్ రూల్స్‌కే విరుద్ధం, లేచి వచ్చెయ్యండి. ఇంకోటి, మీ మణికట్టు. దానికి మీరు విడిగా క్లెయిం వెయ్యొచ్చు, వెనక కూర్చున్నవాడి మీద అన్నయ్య తప్పు రుద్దరు. ఏడు పేజీలు రాశారు, మీ చెయ్యి గురించి అక్షరాలు వంకరని తప్ప ఇంకేమీ రాయలేదు.

ఎస్సై దగ్గరికి వెళ్లేముందు వదినకి చెప్పండి రాంగ్ రూట్ సంగతి. ఆవిడ మౌనం డబ్బు కోసమే అనుకుంటున్నారు మీరు, నాకెందుకో ఆవిడకి ఆ సంగతి ముందే తెలుసనిపిస్తోంది, ఆ సందుకి ఆయన రోజూ ఎలా వచ్చేవారో ఆవిడకి తెలియకుండా ఎలా ఉంటుంది. లెక్క వేసిన కాగితం ఆవిడ చేతికివ్వండి, వాళ్ల అన్నయ్య చేతికి కాదు. అమ్మకి ఆ తర్వాత చెప్పండి, ఒక్కరే కూర్చుని, మెల్లగా. మొదట కొడతారేమో, పడండి.

ఆ బాండ్ పేపరు చింపేద్దామనుకున్నాను అని రాశారు. చింపకండి, దాని మీద ఏమీ రాయకుండా అలాగే లాయర్‌కి ఇవ్వండి, తప్పేమీ లేనివాళ్లు సాక్షి సంతకం కోసం 8 లక్షలు ఎందుకు ఇస్తున్నారో ఆయన చూసుకుంటారు.